తొమ్మిదంగుళాల గోడ

"లేమ్మా తల్లీ, నీకు దండం పెడతా. దారం మీద కూర్చుంటే గడ్డపార నేను యాడ వెయ్యాల?"

మేస్త్రీ పాపన్న ఈ మాట అనడం పొద్దుటినుంచి ఇది నాలుగోసారి. మెహరున్నీసా లేవలేదు. వాకిలికి ఆ కొస నుంచి ఈ కొసకు రెండు మేకులు కొట్టి బిగించిన తెల్లదారం, సరిగ్గా సగానికి వచ్చేసరికి ఆమె కూర్చున్న పీట కింద దూరి కనిపించకుండా పోతోంది. ముందర చాట, పక్కన విత్తనం శెనక్కాయల గంప. ఒక్కో కాయను పటుక్కుమని చిదిపి గింజలు చాటలో వేస్తోంది.

"నేనేమన్నా అడ్డం చెప్పినానా పాపన్నా? నా మీదనే కట్టు. పునాది గట్టిగా ఉంటాది."

"తొమ్మిదంగుళాల గోడమ్మా ఇది. దాంట్లో నువ్వు పట్టవు."

పాపన్న వేళాకోళానికే అన్నాడు. మెహరున్నీసా కాస్త ఒళ్ళున్న మనిషే. ఇంకో రోజైతే అందరికంటే ముందు ఆమే నవ్వేది. ఈ శుక్రవారం పొద్దున మాత్రం ఆమెకు నవ్వు రాలేదు.

దారానికి ఎడమ పక్కన తన ఇల్లు. కుడి పక్కన మరిది షఫీవుల్లా కాపురం ఉండే రెండు గదులు. ఆ గుమ్మంలో తోడికోడలు సుల్తానా, ఎనిమిది నెలల షాహిస్తాను చంకనేసుకుని, మొహం లోపలికి తిప్పుకుని నిలబడి ఉంది. పిల్లకు మాత్రం ఈ అలకలూ పంతాలూ ఏం తెలుసు? పెద్దమ్మను చూసి రెండు చేతులూ చాపుతోంది. సుల్తానా ఆ చేతులు పట్టుకుని కిందికి దించుతోంది. పిల్ల మళ్ళీ చాపుతోంది. మెహరున్నీసా అది చూడకుండా ఉండటానికి శెనక్కాయలను మరీ గట్టిగా చిదిపింది.

మంగళవారం నుంచి ఆ ఇద్దరికీ మాటల్లేవు. నిన్న గురువారం కొళాయి వచ్చినప్పుడు ఒకటే పైపు కింద ఇటొక బిందె, అటొక బిందె వంతులేసుకుని, పెదవి విప్పకుండా, ఎవరి డ్రమ్ము వాళ్ళు నింపుకున్నారు. సుల్తానా డ్రమ్ము కొత్తది, నీలం రంగుది. బుధవారమే ధర్మవరం నుంచి తెప్పించుకుంది. సుల్తానా కాపురానికి వచ్చిన ఈ ఏడాదిన్నరగా రెండు కాపురాలకూ ఒకటే డ్రమ్ము ఉండేది.

కొళాయి ఆ ఊళ్ళో నాలుగు రోజులకొకసారి వస్తుంది. నీళ్ళు వదిలే పంచాయతీ మనిషి మారెప్ప వాల్వు తిప్పిన గంటన్నరలో పట్టుకున్నవాళ్ళకు పట్టుకున్నంత. కొళాయి వచ్చే రోజుకు ముందు డ్రమ్ము బోర్లించి చింతపండుతో తోమి పెట్టడం మెహరున్నీసాకు పెళ్ళైనప్పటి నుంచీ అలవాటు. పోయిన సోమవారం కూడా అదే చేసింది. తనకల్లులో కూతురింట్లో మూడు రోజులుండి పొద్దున బస్సు దిగి వచ్చింది. డ్రమ్ములో నీళ్ళుంటే, కొళాయి మళ్ళీ వస్తుంది కదా అని బొంతలు తడిపింది, వాకిలి కడిగింది, బర్రెను కడిగింది, సుల్తానా బిడ్డతో లోపల నిద్రపోతుండగానే మిగిలింది వేపచెట్టుకు పోసి డ్రమ్ము తోమి ఎండబెట్టింది.

మర్నాడు కొళాయి రాలేదు. సుల్తానా పుట్టింటివాళ్ళు వచ్చారు.

కదిరి నుంచి రెండు గంటలు బస్సులో ఎండకు మాడి వచ్చిన మనుషులు. సుల్తానా తండ్రి ఇనాయతుల్లా సాబు కాళ్ళూ చేతులూ కడుక్కుని నమాజు చేసుకుందామని నీళ్ళడిగితే, ఆ ఇంట్లో చెంబు నీళ్ళు లేవు. పక్కింటి అక్కమ్మ రెండు బిందెలు ఇస్తేగాని మర్యాద గడవలేదు. పెద్దాయన ఒక్క మాట అనలేదు. టీ కూడా ముట్టలేదు. పోయేటప్పుడు మెహరున్నీసా మొగుడు గౌస్ పీర్‌ను గేటు బయటికి పిలిచి రెండు మాటలు చెప్పి బస్సెక్కాడు. ఏం చెప్పాడో గౌస్ పీర్ పెళ్ళానికి చెప్పలేదు.

బస్సు కదిలిందో లేదో ఇంట్లో మొదలైంది. అంత కోపంలోనూ సుల్తానా ఆపా, అంటే అక్కా, అనే పిలుపు మాత్రం మానలేదు.

"రేపొస్తాదని నువ్వు చెప్పబట్టే కదమ్మే నేను డ్రమ్ము కడిగింది!"

"రేపని నేనెప్పుడు చెప్పినా? నిన్ననే వచ్చిందని చెప్పినా. మా అబ్బాజాన్ కాళ్ళు కడుక్కునేకి నీళ్ళు లేకుండా చేస్తివి కదా ఆపా!"

"నేను కావాలని చేసినానా? అబద్ధమాడి నన్ను నలుగుర్లో నిలబెట్టింది నువ్వు!"

"అబద్ధాలా? మా ఇంట్లో ఎవరికీ రావు అబద్ధాలు!"

"మా ఇంట్లో నేర్పిస్తారా మరి?"

అలా 'మా ఇల్లు' 'మీ ఇల్లు' అనేదాకా వచ్చాక ఇంక అనడానికేం మిగలలేదు. గురువారం సాయంత్రం ట్రాక్టరు వచ్చి గేటు ముందర ఇటుకలు దింపింది. పొద్దున్నే పాపన్న వచ్చి దారం కట్టాడు.

పిలిచింది ఎవరని మెహరున్నీసా అడగలేదు. అడిగే పనేముంది? షఫీవుల్లానే. పెళ్ళాం కోసం కట్టిస్తున్నాడు. ఆమె ఈ ఇంటికి కోడలిగా వచ్చేనాటికి వాడికి ఏడేళ్ళు. అత్త అప్పటికే లేదు. వాడి తలకు నూనె పెట్టింది ఈ చేతులే. బడికి పోనని మొండికేస్తే చెవి పట్టుకుని తీసుకెళ్ళింది ఈ చేతులే. వాడు టమోటాల టెంపో కొన్న రోజు మొదట ఎక్కించుకుని ఊరంతా తిప్పింది వదిననే. ఆ పిల్లోడే ఇప్పుడు తనకూ వాడికీ మధ్య గోడ కట్టిస్తున్నాడు. వాడేమో తెల్లారకముందే అనంతపురం మండీకి బండి తోలుకుని పోయాడు, మొహం చూపించకుండా.

"సిమెంటు గడ్డ కడతాది తల్లీ," అన్నాడు పాపన్న. "నీళ్ళు చూపించు. నువ్వు లేసేలోపల కలిపన్నా పెట్టుకుంటా."

"నా డ్రమ్ములో నీళ్ళు గోడకు కాదు."

పాపన్న నిట్టూర్చి బీడీ ముట్టించుకుని ఇటుకల మీద కూలబడ్డాడు.

మెహరున్నీసా ఇంకో కాయ చిదిపింది. పుచ్చు గింజ. దాన్ని అవతలికి విసిరేస్తుంటే మొగుడు గుర్తొచ్చాడు.

గౌస్ పీర్‌కు ధర్మవరం రోడ్డులో మోటార్ల వైండింగు షాపు. చుట్టుపక్కల పల్లెల్లో ఎవరి మోటారు ఆగినా ఆయన దగ్గరికే వస్తారు, వచ్చీరాగానే మోటారును నానా బూతులూ తిడతారు. ఆయన అందరికీ చెప్పేది ఒకటే మాట. "ఏమప్పా, మోటారును తిట్టొద్దు. కరెంటు యాడిదాకా వచ్చిందో చూద్దాం పా." జేబులోంచి టెస్టరు తీసి మీటరు దగ్గర మొదలుపెడతాడు. అక్కడ లైటు వెలిగితే ఫ్యూజు, అక్కడా వెలిగితే స్టార్టరు, తర్వాత ఒక్కో జాయింటు. యాడ వెలగలేదో ఆడుంది రోగం. సగం మోటార్లను విప్పకుండానే బాగుచేసి పంపిస్తాడు.

మూడు రోజులుగా తాను చేసిందేమిటి? మోటారును తిట్టడమే కదా, అనుకుంది మెహరున్నీసా. చాట పక్కన పెట్టింది. లేవకుండానే వెనక్కి తిరిగి గొంతెత్తింది.

"అక్కమ్మా! ఓ అక్కమ్మా! పోయిన వారం కొళాయి ఏ దినం వచ్చె?"

పక్కింటి దొడ్లోంచి జవాబొచ్చింది. "ఆదివారం. మేము చర్చినుంచి వచ్చేతలికి వదిలినారు. నువ్వు తనకల్లులో ఉంటివి కదా."

"మా డ్రమ్ము నింపినారా ఆ పొద్దు?"

"నింపకేం? బిడ్డను నా చేతికిచ్చి సుల్తానా ఒక్కటే మోసింది పాపం. ఇరవై బిందెలన్నా మోసుంటాది."

గుమ్మంలో సుల్తానా కొంచెం కదిలింది. మెహరున్నీసా చూపు తిప్పలేదు.

ఇక్కడిదాకా లైటు వెలిగింది. ఆదివారం కొళాయి వచ్చింది. పసిబిడ్డను పక్కింట్లో ఇచ్చి ఆ పిల్ల డ్రమ్ము నింపింది. ఇరవై బిందెలు తన నడుముతో మోసిన మనిషి, మర్నాడు అబద్ధమాడి ఆ నీళ్ళను వేపచెట్టుకు పోయిస్తుందా? అదీ తన పుట్టింటివాళ్ళు వచ్చే ముందు రోజు? అంత పిచ్చిది కాదే సుల్తానా. అంటే రోగం ఆమె దగ్గర లేదు. తన దగ్గరా లేదు, తాను విన్నది విన్నట్టు చేసింది. మరి యాడుంది? ఆ పిల్ల నోటికీ తన చెవికీ మధ్య నాలుగడుగుల వాకిట్లో ఎక్కడో ఉండాలి.

ఆ నాలుగడుగుల దగ్గరే ఆమె ఆలోచన ఆగిపోయింది.

పాపన్న బీడీ ఆర్పి లేచాడు. పెద్దావిడతో లాభం లేదనుకున్నాడేమో, దారం దాటి రెండో వైపు పోయి నీలం డ్రమ్ము మీద చెయ్యేశాడు.

"చిన్నమ్మా, నువ్వన్నా ఇయ్యి రెండు బిందెలు. కొళాయి ఎప్పుడు?"

సుల్తానా చెవి కమ్మ పట్టుకుని షాహిస్తా లాగుతోంది. ఆ వేళ్ళు విడిపించుకుంటూ సుల్తానా పరధ్యానంగా అంది.

"కల్."

మెహరున్నీసా చేతిలో కాయ చేతిలోనే ఆగింది. తన డ్రమ్ము వైపు చూసింది. నిండా ఉంది. నిన్న తానే నింపింది, ఈ పిల్లతో వంతులేసుకుని.

"మే సుల్తానా."

మూడు రోజుల తర్వాత మొదటి మాట. సుల్తానా ఉలిక్కిపడి చూసింది.

"ఏమంటివి ఇప్పుడు పాపన్నతో?"

"కొళాయి నిన్న వచ్చిందన్నా. ఏం, రాలేదా? అదీ అబద్ధమేనా ఆపా?"

"నిన్న అన్లేదు నువ్వు. ఏమన్నావో ఆ మాటే అను."

"కల్ అన్నా."

"కల్ అంటే రేపు కదా?"

సుల్తానా కమ్మ విడిపించుకోవడం మానేసింది.

"రేపూ కల్లే ఆపా. నిన్నా కల్లే."

"రెండూనా?"

"రెండూ."

"ఒక మాటకు రెండు దినాలెట్లమ్మే?"

"ఎట్లంటే... అదంతే ఆపా. ఉర్దూలో అంతే."

మెహరున్నీసావాళ్ళు తరతరాలుగా ఇంట్లో తెలుగు మాట్లాడుకునే సాయిబులు. ఉర్దూ ఆమెకు పది ముక్కలు వస్తే గొప్ప. ఆ పదిలో ఇదొకటి. చిన్నప్పుడు గాజులడిగినా, జిలేబీ అడిగినా వాళ్ళ తాత "కల్ బేటీ, కల్" అనేవాడు. కాబట్టి కల్ అంటే రేపు. ఆ రేపు ఒక్కసారీ రాలేదన్నది వేరే సంగతి. సుల్తానాది కదిరిలో ఉర్దూ ఇల్లు. ఈ ఏడాదిన్నరలో తెలుగు బాగానే పట్టుబడినా, పనిలో ఉన్నప్పుడు చిన్న చిన్న మాటలు పుట్టింటి భాషలోనే జారిపోతాయి. మామూలుగా దాని వెనకాల వచ్చిందనో వస్తాదనో ఒక తోక ఉండేది. సోమవారం పొద్దున మెహరున్నీసా వచ్చి "కొళాయి ఎప్పుడు?" అని అడిగినప్పుడు బాణలిలో పూరీ మాడుతోంది. తోక తెగిపోయింది.

"అంటే," అంది మెహరున్నీసా నెమ్మదిగా, "నువ్వు మోసిన ఇరవై బిందెలు నేను వేపచెట్టుకు పోస్తి."

"నేను నిన్ను..." సుల్తానా బిడ్డను ఇంకో చంకకు మార్చుకుంది. "మా అబ్బాజాన్‌ను అవమానం చేసేకి పారబోసినావనుకున్నా ఆపా. మూడు దినాలు అదే అనుకుంటా అన్నం తిన్యా."

"తిన్యావా? నేను తిన్లేదు."

"నేనూ సరిగ్గా తిన్లేదులే."

ఎవరు ముందు నవ్వారో చెప్పడం కష్టం. పాపన్న మాత్రం ఇద్దరూ ఏడుస్తున్నారనుకుని కంగారుపడి రెండడుగులు వెనక్కి వేశాడు. అందులో కొంచెం నిజం కూడా ఉంది. సుల్తానా దారం దాటి వచ్చి, మోకాళ్ళ మీద కూర్చుని, మెహరున్నీసా ఒళ్ళో షాహిస్తాను పెట్టేసింది. పిల్ల అదే అదనుగా చాటలో రెండు చేతులూ ముంచింది.

"ఇంక చూడు," అంది మెహరున్నీసా పిల్ల గుప్పిట్లోంచి గింజలు తీస్తూ, "ఈ ఇంట్లో ఉర్దూలో నవ్వండి, ఉర్దూలో కొట్లాడండి, నాకేం. నీళ్ళ సంగతి మాత్రం తెలుగులో మాట్లాడాల."

"సరే ఆపా. నిన్నంటే నిన్న, రేపంటే రేపు."

అప్పుడే గేటు ముందర టెంపో ఆగింది. షఫీవుల్లా దిగాడు. ఒళ్ళంతా దుమ్ము. వాకిట్లో దారం, దారం మీద వదిన, వదిన పక్కన తన పెళ్ళాం. అతనికి ఏమీ అర్థం కాలేదు.

"రారా పెద్దమనిషీ," అంది మెహరున్నీసా. "మేస్త్రీకి నువ్వే చెప్పు పొమ్మని. పిలిచినోడివి నువ్వే కదా."

"నేనా?" షఫీవుల్లా అక్కడే నిలబడిపోయాడు. "నేను యాడ పిలిచినా వదినా? నువ్వు పిలిపించినావనుకుంటి. నిన్న ఇటుకలు చూసినప్పట్నుంచీ నాకు దిక్కు తోచలే. నిన్ను అడిగే ధైర్యం ల్యాక మొబ్బుల్నే బండెక్కిపోయినా."

"నేనెందుకు పిలిపిస్తారా?"

"మేము వద్దనుకున్నావేమో అని." షఫీవుల్లా బండి తాళం వేళ్ళ మధ్య తిప్పాడు. "నువ్వు పొమ్మంటే నేను యాడికి పోవల్ల వదినా? చెప్పు."

మెహరున్నీసా పిల్లను సుల్తానాకిచ్చి లేచింది. పొద్దుటినుంచి లేవని మనిషి, మోకాళ్ళు పట్టేసినా లేచింది. వాడి దగ్గరకు పోయి కొంగుతో మొహం మీద దుమ్ము తుడిచింది, కొంచెం గట్టిగానే.

"బుద్ధిలేనోడా," అంది.

కాసేపటికి ముగ్గురూ పాపన్న వైపు తిరిగారు.

"నన్ను చూస్తారేం?" అన్నాడు పాపన్న. "పిలిచింది పెద్దాయన. గౌస్ పీరన్న."

"పొద్దున్నుంచి చెప్పలేదేం?"

"నువ్వడగలే కదమ్మా! మొగుడూ పెండ్లాలు మాట్లాడుకునే ఉంటారనుకుంటి."

గౌస్ పీర్ జుమ్మా నమాజు చేసుకుని మోపెడ్ మీద వచ్చేసరికి వాకిట్లో నలుగురూ వరసగా నిలబడి ఉన్నారు. ఆయన టోపీ తీసి, మడిచి, తీరిగ్గా జేబులో పెట్టుకోబోయాడు. మెహరున్నీసా ముందుకొచ్చి అదే జేబులోంచి టెస్టరు లాగేసుకుంది.

"మీటరు కాడ్నుంచి వస్తాండా," అంది. "కొళాయి ఆదివారం వచ్చింది. లైటు వెలిగింది. సుల్తానా నీళ్ళు నింపింది. వెలిగింది. నేను తప్పుగా విన్యా, ఆ జాయింటు ఇప్పుడే కలిపినాం. షఫీ మేస్త్రీని పిలవలే. ఆడా వెలిగింది." టెస్టరు కొస తెచ్చి మొగుడి గుండె మీద ఆనించింది. "ఈడికొచ్చి ఆగింది. చెప్పు."

గౌస్ పీర్ దారం వైపు చూశాడు. పక్కపక్కన నిలబడిన తోడికోడళ్ళ వైపు చూశాడు. ఆయన మొహంలో ముందు సంతోషం, దాని వెనకనే భయం కనిపించాయి.

"కదిరి మామ ఆ పొద్దు గేటు కాడ ఏమన్యాడో చెప్పలే నీకు," అన్నాడు. "నా బిడ్డకు విలువ ల్యాని వాకిట్లో ఉంచను, వేరు పెట్టి గోడన్నా కట్టు, లేదంటే బిడ్డనూ మనవరాల్నీ శుక్రవారం పిల్చుకపోతా అన్యాడు. అల్లుడు వస్తే వస్తాడు, లేకపోతే లేదన్యాడు. నేనేం చేయాల మెహరూ? మీరిద్దరూ చూస్తే మాటల్లేవు. నాకు తెలిసిందల్లా వైరింగు. రెండు లైన్లు కలిసి కాలుతాంటే మధ్యలో విడగొడతాం."

"నాతో ఒక మాట అనకూడదా?"

"అంటే నువ్వు ఒప్పుకోవు. ఒప్పుకోకపోతే పిల్ల పోతాది." ఆయన గొంతు తగ్గిపోయింది. "కదిరి రెండు గంటల దావ. గోడ తొమ్మిదంగుళాలు. బిడ్డ ఏడిస్తే నీకు వినపడతాది కదా అనుకుంటి."

మెహరున్నీసా చేతిలో టెస్టరు కిందికి దిగింది. కోపం రావాలని చూసింది. రాలేదు. ఈ మనిషి మీద ఆమెకు కోపం ఎప్పుడూ సరైన సమయానికి రాదు.

"అబ్బాజాన్‌కు నేను ఫోన్ చేస్తా బావా," అంది సుల్తానా. "కల్ సంగతి చెప్తా. గోడ వద్దని చెప్తా."

"ఫోనెందుకు? శుక్రవారం అన్యాడు కదా. నాతోపాటే నమాజు చేసినాడు. బజార్లో పిల్లకు పండ్లు కొంటా ఉండాడు, నడ్చుకుంటా వస్తాండాడు." గౌస్ పీర్ తల దించుకున్నాడు. "పునాది తీసినామని ఆయనకు చెప్పినా."

పాపన్న గడ్డపార తీసుకుని, ఎందుకైనా మంచిదని దారం పక్కన నిలబడ్డాడు. మెహరున్నీసా అతని చేతిలోంచి గడ్డపార తీసి ఇంటి గోడకు ఆనించింది. పోయి మళ్ళీ దారం మీద పీటపై కూర్చుంది. షాహిస్తాను ఒళ్ళోకి తీసుకుంది.

గేటు చప్పుడైంది. తెల్లగడ్డం, చేతిలో మామిడిపండ్ల సంచి.

"సుల్తానా," అంది మెహరున్నీసా, "మీ నాయనకు నీళ్ళు తెచ్చియ్యి. నా డ్రమ్ములోవి."

సుల్తానా పరుగెత్తింది. చెంబు నిండా ముంచి తెచ్చి తండ్రి చేతికిచ్చింది. ఇనాయతుల్లా సాబు చెంబు అందుకున్నాడు. కాళ్ళ మీద పోసుకోబోతూ ఆగి, వాకిలంతా ఒకసారి కలయజూశాడు. తవ్వని నేలను, దారం మీద కూర్చున్న మనిషిని, ఆమె ఒళ్ళో శెనక్కాయను గుప్పిట్లో ఆడిస్తున్న మనవరాలిని చూశాడు.

"గోడ ఏది?" అన్నాడు.

చెంబులో నీళ్ళు అలాగే ఉన్నాయి; జవాబు వినేదాకా ఆ ఇంటి నీళ్ళతో కాళ్ళు కడుక్కునేలా లేడాయన.